బొట్టు పెట్టిన ఇనుము

"బ్రేకినస్పెక్టరు ఉద్యోగం పోయి ఎనిమిదేండ్లాయె. ఇంకా చక్రాల కిందనే పాకుతాండావా శేషాద్రీ?"

సీఐ రాఘవేంద్రప్రసాద్ నన్ను పలకరించిన తీరు అది. టైము పదకొండు నలభై. జమ్మలమడుగు ఊరి చివర రేకుల షెడ్డులో, నుజ్జయిన తెల్ల జర్మనీ కారు ఎదుట కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"కుర్చీల్లో కూచునేవాళ్ళు సరిగ్గా చూస్తే, కింద పాకే పని నాకెందుకు సార్?" అన్నాను.

మా ఇద్దరిదీ పాత లెక్క. అతను ఎస్సైగా ఉన్నప్పుడు, తాగి లారీ తోలి ముగ్గురిని చంపినవాడిని కాపాడటానికి 'బ్రేకు ఫెయిల్' అని రిపోర్టు రాయమన్నాడు. ఆ బ్రేకు నేను తొక్కి చూశాను. నిక్షేపంగా ఉంది. రాయనన్నాను. మూడు నెలలకు నా టేబుల్ సొరుగులో నేను పెట్టని లంచం కవరు దొరికింది. అతనికి ప్రమోషన్ వచ్చింది, నేను ఇన్సూరెన్సు కంపెనీల తరఫున విరిగిన బండ్లు చూసుకుంటూ బతుకుతున్నాను. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఇప్పటికీ నన్ను బ్రేకినస్పెక్టరనే పిలుస్తారు. కొందరు మర్యాదకు, కొందరు ఎగతాళికి.

ఈ కారు కథ చిన్నదే. నాలుగు రోజుల కిందట, ఇరవై నాలుగో తేదీ పొద్దున ఏడుంబావుకు, గండికోట కొండ దిగే మలుపులో కుడివైపు లోయలోకి పోయింది. తోలుతున్న యశ్వంత్ అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. ముప్ఫై రెండేళ్ళవాడు. పులివెందుల దాటాక వేంపల్లె దారిలో ఇల్లు, చీనీ బత్తాయి తోటలు, జమ్మలమడుగు పక్కన నాపరాళ్ళ గని ఉన్న ఓబుళరెడ్డికి పెద్ద కొడుకు. ఆ కారుకు పన్నెండు రోజుల ముందు బ్రేకు ప్యాడ్లు మార్చింది ప్రొద్దుటూరు మెకానిక్ ఖలందర్. సీఐ ఎడమ ముందు చక్రం విప్పించాడు. లోపల నాసిరకం ప్యాడ్లు, పైగా నూనె తాగి గాజులా నున్నగా ఉన్నాయి. ఇంకేం, ఖలందర్‌ను ఎత్తుకొచ్చాడు. పంచనామా రాసి, సాయంత్రం ఐదుకు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి జైలుకు పంపాలని తొందరలో ఉన్నాడు.

ఖలందర్ షెడ్డు గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. సంకెల రెండో కొస కానిస్టేబుల్ నయీం చేతిలో ఉంది. గుమ్మం దగ్గర ఖలందర్ భార్య పర్వీన్ నిలబడి ఉంది. పొద్దున ఎనిమిదికి ప్రొద్దుటూరులో నా గడప తొక్కింది ఆమే. ఏడవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. "మా ఆయన నాకు శానా అబద్ధాలు చెప్తాడు సార్. బండ్లకు మాత్రం చెప్పడు" అంది. ఆ ఒక్క మాటకే వచ్చాను.

ఖలందర్ ముందు గొంతుక్కూర్చున్నాను. "ప్యాడ్లు ఎంచింది ఎవరు?"

"యశ్వంత్ సారే. పదో తేదీ అన్నదమ్ములిద్దరూ వచ్చినారు. బల్ల మీద మూడు డబ్బాలు పెట్టినా. కారు కంపెనీదొకటి. ఆ కంపెనీకి చేసిచ్చే వాళ్ళదే ఇంగోటి, అదీ మంచిదే. మూడోది ఊరూ పేరూ లేంది. 'ఊళ్ళో తిప్పుకుంటే సరిపోతాది గానీ, కొండ దిగితే కాగిపోయి పట్టు వదిలేస్తాది సార్' అని చెప్పినా. తమ్ముడు కేశవ 'ఇదే ఎయ్యి, ఏం పోతాది' అన్నాడు. యశ్వంత్ సారు నవ్వి, 'ఇద్దరివీ ఒకటే మోడల్ గదరా, కావాలంటే నీ కారుకు ఏసుకో' అని కంపెనీ డబ్బా తీసుకున్నాడు."

ఆ మాట నిజమే. కొడుకుల మధ్య పోటీ రాకూడదని ఓబుళరెడ్డి ఒకే రోజు, ఒకే రంగువి, రెండు ఒకటే కార్లు కొన్నాడు. ఆ ముచ్చట మా చుట్టుపక్కల అందరికీ తెలుసు.

"మూడో డబ్బా ఏమైంది?"

"వాళ్ళు పోయినాక చూస్తే కనపడలేదు. ర్యాకులో యాడో పడుంటాదనుకున్నా."

"డబ్బాకు ఎన్ని?"

"నాలుగు సార్. ముందు చక్రాలు రెండిటికీ రెండ్రెండు."

"పదిన ఎంచితే పన్నెండున ఏసినావు. రెండు రోజులు ఏం చేసినావు?"

"నేను కాదు సార్, డబ్బా వాళ్ళే ఇంటికి తీసకపోయినారు. వాళ్ళమ్మ వనజమ్మకు పట్టింపు. కొత్త ఇనుము ఏదైనా సరే, బోరు మోటారు గానీ నాగలి కర్రు గానీ, దేవుని ముందర పెట్టకుండా ఆ ఇంట్లో బిగించరు. పన్నెండున యశ్వంత్ సారొక్కడే తెచ్చినాడు. నాలుగిటికీ ఎనక రేకు మీద పసుపు రాసి బొట్లు పెట్టి ఉండాయి. వాళ్ళ దేవుని బొట్టు నేనెందుకు తుడుస్తా సార్? అట్టే ఏసినా."

సీఐ నవ్వాడు. "కథ బాగుండాది. ఎడమ చక్రంలో బొట్టు యాడుందో చూపించమను."

"కుడి చక్రం ఇప్పినారా?" అని అడిగాను.

"ఎందుకు? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలీదా?"

"ఇక్కడ కుండలు రెండు సార్. ఎడమదొకటి, కుడిదొకటి."

కారు కుడివైపుకు ఒరిగి నలిగిపోయింది. ఆ చక్రం విప్పాలంటే జాకీ పెట్టి, రేకు కోసి, అరగంట చెమటోడ్చాలి. అందుకే విప్పలేదు. అంతకు మించి కారణమేమీ లేదు. ఒక మనిషిని జైలుకు పంపటానికి మన దేశంలో అరగంట బద్ధకం చాలు. వచ్చేముందు ఆ కారు ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర తెచ్చుకున్న కాగితం తీసి అతని మోకాలి మీద పెట్టాను. బండి పరీక్షించే హక్కు నాకుందని అందులో రాసి ఉంది. అతను చదివి, మళ్ళీ చదివి, వాచీ చూసుకున్నాడు.

పన్నెండున్నరకు కుడి చక్రం ఊడింది. గుడ్డతో మసి తుడిచి టార్చి వేశాను.

కంపెనీ ప్యాడ్లు. వెనక రేకు మీద అచ్చు కొట్టిన నంబరు ఉంది. ప్రొద్దుటూరులో ఆ డబ్బాను ఖలందర్‌కు అమ్మిన స్పేర్ పార్టుల గౌరికి ఫోను చేసి నంబరు చదివాను. "అదే నంబరు శేషాద్రన్నా, ఆ రకం నా దగ్గర ఒకటే ఉండె" అంది. నంబరు అచ్చు గుంటల్లో, వేడికి మాడి గోధుమరంగు తిరిగిన కుంకుమ ఇరుక్కుని ఉంది. గోటితో గీకి సీఐ ముందు పెట్టాను.

"ఖలందర్, బోల్టు బిగించినాక గుర్తు పెడతావా?"

అతను సిగ్గుగా పెళ్ళాం వైపు చూశాడు. జవాబు ఆమే చెప్పింది. "నా గోళ్ళ రంగు సీసా ఎప్పుడూ ఈయన షెడ్డులోనే ఉంటాది సార్. బిగించిన బోల్టు మీదనుంచి కింద ఇనుము దాకా ఒక గీత గీస్తాడు. మళ్ళీ ఎవరన్నా ఇప్పితే గీత కలవదని."

కుడివైపు బోల్టు మీద ఎర్ర గీత తిన్నగా, తెగకుండా ఉంది. ఎడమవైపు విప్పిన బోల్టులు సీఐ మనుషులు గోతంలో వేసి ఉంచారు.

"ఎడమది ఇప్పక ముందు ఫోటో తీసినారా?"

తీశారు. పంచనామాకు తీయక తప్పదు. నయీం ఫోనులో ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. బోల్టు మీద ఎర్ర ముక్క ఒక దిక్కు, కింద ఇనుము మీద ఎర్ర ముక్క ఇంకో దిక్కు. పోలీసులు చెయ్యి పెట్టక ముందే ఎవరో విప్పి బిగించారు.

"మోసం చేసే మెకానిక్ నాలుగూ నాసివి ఏస్తాడు సార్. ఒక పక్క మంచివి, ఒక పక్క నూనె పూసినవి ఎవడూ ఎయ్యడు. ఎడమ చక్రం జారి, కుడి చక్రం పట్టేస్తే బండి కుడికి తిరుగుతాది. కొండ దిగేటప్పుడు లోయ ఉండేది కుడివైపే. ఇది నాసిరకం పని కాదు. హత్య."

సీఐ ముఖం గట్టిపడింది. "వీడే తర్వాత ఇప్పుండొచ్చు."

"ఇంకోటి చూడు." ఎడమవైపు వేలాడుతున్న సన్నటి వైరు ఎత్తి పట్టుకున్నాను. ప్యాడు అరిగితే మీటరులో దీపం వెలిగించే వైరు అది. దాన్ని కోసి, ఆ రెండు కొసలూ కలిపేశారు, దీపం వెలగకుండా. "మెకానిక్ అయితే రెండు మెలికలు తిప్పి టేపు చుట్టి వదిలేస్తాడు. ఇది చూడు, కింద రబ్బరు టేపు, దాని మీద తెల్లది, దాని మీద నల్లది, కొసలు సన్నగా తేల్చినారు. నీళ్ళలో దించే బోరు మోటారు జాయింటు ఇది. రైతు చెయ్యి."

"చేతులు చూసి జాతకం చెప్తాండావు. కోర్టుకు ఇనుము కావాల. ఖలందర్ ఏసిన మంచి ప్యాడ్లలో రెండు ఎవరో తీసేసినారంటావు. ఆ రెండూ ఐదు లోపల తెచ్చి నా ముందర పెట్టు. లేదంటే వీడు పోతాడు."

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. నాకూ నోరుంది, అదే నా కర్మ. "తాగి చంపినోనికి బ్రేకు ఫెయిల్ రాయమంటివి. బ్రేకుతో చంపినోనికి బదులు మెకానిక్ పేరు రాస్తాండావు. బ్రేకు నీకు ఎప్పుడూ అచ్చిరాలేదు సార్."

నయీం నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సీఐ చెవులు ఎర్రబడ్డాయి. "ఇంక నాకు ఫోను గీను చేసినావంటే ఎత్తను. పో."

ఒంటిగంటకు బయలుదేరాను. పెంటకుప్పలు వెతికే పని లేదని నాకు తెలుసు. బొట్టు పెట్టిన ఇనుమును ఆ ఇంట్లో పుట్టినవాడెవడూ చెత్తలో పారెయ్యలేడు. అన్నను చంపటానికి వణకని చెయ్యి అక్కడ వణుకుతుంది. అదీ మన భక్తి.

ముద్దనూరు దాటాక, ఒకటీ యాభైకి, ఎదురుగా ఒక తెల్ల కారు వచ్చింది. అదే మోడల్. చచ్చిపోయిన బండే లేచి వచ్చినట్టనిపించింది. రెండో కారు గదా అనుకుని నా దారిన నేను పోయాను. ఆ బుద్ధితక్కువకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

రెండూ ముప్ఫై ఐదుకు ఓబుళరెడ్డి ఇంటి ముందు దిగాను. వసారాలో వనజమ్మ ఒక్కతే చాప మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. కళ్ళలో నీళ్ళు అయిపోయిన తర్వాత మిగిలే ఎండ ఉంది.

"ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున వచ్చినా అమ్మా. శేషాద్రి అంటారు."

"కూచో అప్పా. అంటు ఇల్లు, కాఫీ అని అడగలేను."

"రెడ్డిగారు, కేశవ లేరా?"

"ఆయన పని మీద పోయినాడు. కేశవ తోటలో ఉండాడు. బోరు కాలిపోయింది, జాయింటు ఎయ్యను పోయినాడు."

"జాయింట్లు ఆయనే ఏస్తాడా?"

"వాడే. వాని చెయ్యి పడితే నీళ్ళలో పదేండ్లున్నా ఊడదు." ఆ దుఃఖంలోనూ గొంతులో పిసరంత గర్వం పలికింది. తల్లి గదా.

నా కళ్ళు ఆమె వెనక ఉన్న దేవుని గది మీద పడ్డాయి. చావు జరిగిన ఇంట్లో పదకొండో రోజు దాకా ఆ తలుపు తియ్యరు. గడప ముందు చావుకు ముందటి పూలు వాడి రాలి ఉన్నాయి. కానీ అవి రాలినచోట లేవు. బయటికి తెరుచుకునే తలుపు తోసినట్టు, వంపు తిరిగి ఒక పక్కకు జరిగి ఉన్నాయి.

"కొత్త ఇనుముకు బొట్టు పెట్టి బిగిస్తారంట గదమ్మా. అది పాడైతే ఏం చేస్తారు?"

"పెన్నలో ఏస్తాము. కాలి కింద తొక్కుడు పడగూడదు గదప్పా."

"పెన్నకు పోయేదాకా యాడ పెడతారు?"

ఆమె చాప అంచు సరిచేసుకుంది.

"అంటులో దేవుని గది ఎవరు తెరిచినారమ్మా?"

చీర కొంగున ముడివేసిన తాళంచెవి మీదికి ఆమె చెయ్యి పోయింది. తర్వాత లేచి, తలుపు తీసి, లోపలినుంచి పాత తువ్వాలు మూట తెచ్చి నా ముందు పెట్టింది. విప్పాను. రెండు ప్యాడ్లు. అదే నంబరు. వెనక రేకు మీద పసుపు, చెదిరిన కుంకుమ.

"మొన్న కొట్టంలో గోనెసంచి కింద కాలికి తగిలినాయి. బొట్లు నేను పెట్టినవే. నా ఏలి గుర్తు నాకు తెల్దా? పెద్దోని కారులో ఉండాల్సినవి ఈడెందుకుండాయని ఒక పూటంతా కూచుని ఆలోచన చేసినా."

"తెలిసిందా?"

"ఒకడు పోయినాడప్పా. ఉండేది ఒకడే."

"ఆడ ఖలందరని ఒక మెకానిక్ ఉండాడు. ఐదుకు జైలుకు పోతాడు. వాని పెండ్లాం పొద్దున్నుంచి నిలబడే ఉండాది, ఇంత నీళ్ళు గూడా తాగలేదు."

"పోతాడు. నాలుగేండ్లకు తిరిగొస్తాడు." ఆమె నా కళ్ళలోకి చూసింది. "నా పెద్దోడు వస్తాడా? వానికోసం చిన్నోన్ని గూడా పోగొట్టుకోమంటావా?"

కోపం తలకెక్కింది. కొడుకు పోయిన తల్లి మీద కోపం రాకూడదంటారు. వచ్చింది. "మీ బొట్టు తుడవను చెయ్యి రాక అట్టే ఏసినోడమ్మా వాడు. ఆ బొట్టే వాన్ని కాపాడాల. మీరు తాళం ఏసి పెట్టినారు."

ఆమె తల దించుకుంది. నేను మూట కడుతూ లెక్క చూసుకున్నాను. మంచి డబ్బాలో నాలుగు. కుడి చక్రంలో రెండు, నా చేతిలో రెండు. సరిపోయింది. ఖలందర్ బల్ల మీదనుంచి మాయమైన నాసి డబ్బాలోనూ నాలుగే. యశ్వంత్ ఎడమ చక్రంలో రెండు.

నా చేతులు ఆగిపోయాయి. "కొట్టంలో ఈ రెండే దొరికినాయా? వేరే రకంవి ఇంకో రెండు లేవా?"

"రెండేనప్పా. సంచి కింద డబ్బా ఉండె, ఖాళీది."

వాకిట్లోకి చూశాను. కార్ల రేకుల పందిరి కింద రెండు బండ్ల చోటూ ఖాళీగా ఉంది, పక్కన జీపొక్కటే ఉంది. "రెండో కారు యాడికి పోయింది?"

"ఆయన తీసకపోయినాడు. గనిలో యశ్వంత్ భాగం కేశవకు పోకుండా, పెద్ద కోడలు ప్రత్యూష పేరు మీద రాపిస్తాడంట. నాలుగుకు రిజిస్ట్రారాఫీసులో పని. అంటులో పోవద్దంటే వినలా. పదకొండు రోజులు ఆగితే ఈ ఇంట్లో మనసులు మారతాయి అన్నాడు. ముందు కొండెక్కి, వాడు పడిన చోట ఇంత పాలు పోసి వస్తానన్నాడు."

"ఆయనకు జీపుండాది గదా? కేశవ కారు ఎందుకు?"

"కేశవే ఇచ్చినాడు. 'నా కారు తీసకపో నాయనా, జీపులో నడుము నొస్తాది' అని. పొద్దున్నే కూచుని చక్రం ఇప్పి బాగు చేసి గూడా..."

ఆమె మాట అక్కడే తెగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేనేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

నా ఎదురుగా వచ్చి నన్ను దాటిపోయిన తెల్ల కారు గుర్తొచ్చింది. అందులో ఉన్నది ఓబుళరెడ్డి. టైము రెండూ యాభై ఐదు. ఈపాటికి కొండ మీద ఉంటాడు. మూడుంబావుకు దిగితే గానీ నాలుగుకు రిజిస్ట్రారాఫీసు అందుకోలేడు. నేను డెబ్భై కిలోమీటర్ల ఇవతల ఉన్నాను.

వనజమ్మ మొగుడికి ఫోను చేసింది. లోపల గదిలో, మంచం మీద, ఫోను మోగింది. మరిచిపోయి వెళ్ళాడు.

సీఐకి చేశాను. కట్ చేశాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి స్విచాఫ్. మధ్యాహ్నం నయీం నవ్విన నవ్వు చెవిలో మోగింది. నా నోటి దురద ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

అతను ఉన్న షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్న మనిషి నంబరు ఒక్కటే నా దగ్గర ఉంది. పర్వీన్‌కు చేసి స్పీకరు పెట్టాను. రెండు ముక్కల్లో చెప్పాను. చెప్పులు టపటపలాడించుకుంటూ ఆమె షెడ్డులోకి పరుగెత్తింది. సీఐ గొంతు దూరంగా వినిపించింది. "మళ్ళీ వాడేనా? మొగుడ్ని ఇడిపించుకోను నాటకాలాడతాండారా మీరు? పెట్టేయ్ ఫోను."

పర్వీన్ ఫోను పెట్టలేదు. "మీ మాట ఇనడంట సార్," అంది మాతో. "ఆ యమ్మ పక్కన ఉండాదా? ఆ యమ్మనే చెప్పమనండి. ఆ ప్యాడ్లు ఎవరు తీసినారో, కన్నతల్లి నోటితో చెప్తే ఇంటాడు. అమ్మా, చెప్తావా? ఆడ నీ మొగుడుండాడు, ఈడ నా మొగుడుండాడు."

వనజమ్మ ఫోను అందుకుంది. ఒళ్ళో ఉన్న మూటను రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. పేరు నాలుక మీదికి వచ్చి వెనక్కి పోవటం నాకు కనిపిస్తూనే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు పిలిచిన పేరది.

"సారూ, నేను యశ్వంత్ తల్లిని," అంది. "ఆ మెకానిక్‌ది ఏ తప్పూ లేదు. ప్యాడ్లు నా దగ్గరే ఉండాయి. తీసింది మా కేశవ. వాళ్ళ నాయన తీసకపోయిన కారులోనూ నాసివి ఏసినాడు. ఆయన కొండ దిగక ముందే ఆపండి సారూ, నీకు దండం పెడతా."

అవతల కుర్చీ కింద పడిన చప్పుడు. "నయీం, బండి తియ్యి!" అని సీఐ కేక.

నేను ఊపిరి వదిలి తల తిప్పాను.

గేటు లోపలివైపు కేశవ నిలబడి ఉన్నాడు. చేతిలో నల్ల టేపు చుట్ట, తోటలో వైర్లు కోసే కత్తి. ఎప్పుడు వచ్చాడో తెలీదు. మా మీద చూపు తిప్పకుండా, వెనక చేత్తో గేటు గడియ పెట్టాడు.

"ఎవరి పేరు చెప్పినావమ్మా?"